పాల కేంద్రంలో తెలుగు తెర: రాస్ప్‌బెర్రీ పై మీద క్యూటీ, రెండేళ్ల వాడకం

పొద్దున ఐదున్నరకు పాల కేంద్రం తలుపు తీస్తారు. ఆరింటికల్లా క్యాన్లు, చెంబులు, స్టీలు బకెట్లు పట్టుకుని వరస కడతారు. పాలు తూకం మీద పోస్తే లీటర్లు తేలతాయి. చిన్న గిన్నెలో తీసిన శాంపిల్‌ను ఎనలైజర్ కింద పెడితే ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) వస్తాయి. ఈ మూడు అంకెలూ, పాలు పోసినవాళ్ల పేరూ, ఆ పూటకు రావలసిన డబ్బూ ఒక ఏడంగుళాల తెర మీద కనబడాలి. ఆ తెర వెనకాల నడిచే ప్రోగ్రామ్ రాయడం నా పని. చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను.

ఇలాంటి తెరకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ప్రాజెక్టులు చేసే కాలేజీ పిల్లలు అడుగుతున్నారు, ఆర్డర్లు చేతిలో పెట్టుకున్న చిన్న కంపెనీల వాళ్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే రాసేస్తే మేలనిపించింది. మేం వాడేది రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు, అంటే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద క్యూటీ 6, అంటే తెర మీద కనబడే ప్రోగ్రామ్‌లు రాసుకునే సరంజామా. డెస్క్‌టాప్ లాంటిదేదీ లేకుండా ప్రోగ్రామే నేరుగా తెర మీద గీసే పద్ధతి. రెండేళ్లు దాటింది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: తెలుగు అక్షరం తెలుగు అక్షరంలాగే కనబడాలనుకునేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైనది నాకు ఇంకోటి దొరకలేదు. కాకపోతే ఊరికే రాదు. ఎక్కడెక్కడ చెయ్యి కాలుతుందో కూడా చెప్తాను.

ముందు మేం పడ్డ తిప్పలు చెప్పాలి, లేకపోతే నేనెందుకు ఇంతగా మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. మొదటి మెషీన్‌ను చవకగా చెయ్యాలని ఒక చిన్న మైక్రోకంట్రోలర్, దానికో చిన్న రంగుల తెర, పైన ఒక తేలికపాటి గ్రాఫిక్స్ లైబ్రరీ వేసుకున్నాం. ఇంగ్లిష్‌లో అంతా ముచ్చటగా వచ్చింది. తెలుగు ఫాంటు ఎక్కించి సూర్యాపేట దగ్గర ఒక ఊరి కేంద్రానికి తీసుకెళ్లాం. ఆ రోజు మొదట పాలు పోసిన పెద్దావిడ పేరు లక్ష్మమ్మ అనుకోండి. తెర మీద ‘లక్‌ష్‌మమ్‌మ’ అని వచ్చింది. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, దగ్గరికొచ్చి కాసేపు చూసి, "గిది నా పేరు కాదు బిడ్డా" అంది. ఆవిడకు చదువు పెద్దగా రాదు. తన పేరు, ఇంకో నాలుగు మాటలు గుర్తుపడుతుంది, అంతే. ఆ ఉన్న ఒక్క పేరునీ మేం చెడగొట్టి చూపించాం. "ఏంది మేడం, ఒత్తులన్నీ ఊడిపోయినయ్" అన్నాడు సెక్రటరీ. హైదరాబాద్ తిరిగొచ్చేదాకా బండిలో మేం ఎవరం మాట్లాడుకోలేదు.

తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. కంప్యూటర్ లోపల ‘స్త్రీ’ అనేది ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా 6 కోడ్‌లు వరసగా ఉంటాయి. తావత్తు ఎక్కడ పెట్టాలి, రావత్తు దాని పక్కన ఎలా ఒదగాలి, దీర్ఘం దేని నెత్తిన ఎక్కాలి అని తేల్చే పనిని షేపింగ్ అంటారు. నియమాలన్నీ ఫాంటులోనే రాసి ఉంటాయి, కానీ వాటిని చదివి అమలు చేసేవాడు ఒకడు కావాలి. మేం వాడిన లైబ్రరీ ఒక కోడ్‌కు ఒక బొమ్మ చొప్పున పక్కపక్కన పేర్చుకుంటూ పోయేది. కొద్ది కిలోబైట్ల మెమరీలో ఇమిడేలా రాసిన సరుకు అది. దాని మీద నాకు కోపం లేదు, మేమే అడగరాని పని అడిగాం.

అయినా వెంటనే వదల్లేదు. సభ్యులందరి పేర్లనూ ఆఫీసు కంప్యూటర్‌లో బొమ్మలుగా తయారుచేసి, మెమరీ కార్డులో పెట్టి పంపాం. అక్షరాలు చక్కగా వచ్చాయి. నాలుగు నెలలు గడిచాక ఆ ఒక్క ఊళ్లోనే అరవైమంది కొత్త సభ్యులు చేరారు. అరవై బొమ్మలు మళ్లీ చెయ్యాలి, కార్డు పట్టుకుని మళ్లీ మనిషి వెళ్లాలి. అప్పుడు అర్థమైంది, ఈ దారిన ఎక్కువ దూరం పోలేమని.

క్యూటీలో ఈ షేపింగ్ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగును కుదురుగా పేర్చేదీ ఇదే. పేరు పారసీ నుంచి వచ్చింది: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది, ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతి పేరుకు పారసీ రూపం అన్నమాట. పాతబస్తీ పక్కన పెరిగినదాన్ని, ఉర్దూలో వినే హర్ఫ్ అనే మాట ఒక సాఫ్ట్‌వేర్ పేరులో కనబడితే ఏదో చుట్టాన్ని చూసినట్టయింది. బోర్డు మీద నేను నడిపిన మొదటి క్యూటీ ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క మాట ఉంది. ‘లక్ష్మమ్మ’. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, క కింద ష, దాని పక్కన మ, అన్నీ ఎక్కడ ఉండాల్సినవి అక్కడ. ఆ తెరను ఫొటో తీసి ఇప్పటికీ దాచుకున్నాను.

క్యూటీ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1990లలో నార్వేలో పుట్టింది, కొన్నాళ్లు నోకియా చేతిలో ఉంది, ఇప్పుడు ఫిన్లాండ్ కంపెనీది. ఆరో వెర్షన్ 2020 డిసెంబర్‌లో వచ్చింది. చేసినవాళ్లు ‘క్యూట్’ అని పలుకుతారు, మన దగ్గర అందరూ క్యూటీ అనే అంటారు, నేనూ అంతే. తెర రూపురేఖలు క్యూఎమ్ఎల్ అనే తేలిక భాషలో రాసుకుంటాం, వెనకాల తూకంతో, ఎనలైజర్‌తో మాట్లాడే పని సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. తూకం లాంటి పరికరాలు తగిలించే సీరియల్ పోర్టుకు, లెక్కలు దాచే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి.

ఇక అసలు విషయం, రాసిన ప్రోగ్రామ్‌ను బోర్డు మీదికి చేర్చడం. కొత్తవాళ్లకు నా సలహా ఒకటే: మొదట్లో క్రాస్ కంపైల్, అంటే ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి బోర్డుకు పంపే పద్ధతి, దాని జోలికి పోవద్దు. డెబియన్ 12 (బుక్‌వర్మ్) మీద ఆధారపడిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో క్యూటీ 6.4 ప్యాకేజీలు రెడీగా ఉన్నాయి. డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ ఎక్కించి, ఆ ప్యాకేజీలు దించుకుని, బోర్డు మీదే కంపైల్ చేసుకోండి. మా ప్రోగ్రామ్ సైజుకు నాలుగైదు నిమిషాలు పట్టేది. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

కొత్త వెర్షన్ కావాలంటే మాత్రం మీ ల్యాప్‌టాప్‌లోనే బోర్డు కోసం క్యూటీని కట్టుకోవాలి. ఇక్కడ నాకు మూడు రోజులు పోయాయి. బోర్డులో ఉన్న హెడర్లు, లైబ్రరీలు అన్నీ ఆర్‌సింక్ అనే కాపీ చేసే కమాండ్‌తో ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లోకి తెచ్చుకుంటాం, దాన్ని సిస్‌రూట్ అంటారు. అందులో ఉండే లింకులు కొన్ని ‘/లిబ్’ అంటూ సిస్టమ్ మొదటి ఫోల్డర్ నుంచి మొదలవుతాయి. ల్యాప్‌టాప్‌లోకి రాగానే అవి బోర్డు లైబ్రరీని కాకుండా ల్యాప్‌టాప్ సొంత లైబ్రరీని చూపిస్తాయి. లింకర్ ఇచ్చే ఎర్రర్లు చూస్తే ఇదీ కారణమని కలలో కూడా తట్టదు. ఆ లింకులన్నిటినీ సిస్‌రూట్ లోపలికే తిరిగేలా మార్చే చిన్న పైథాన్ స్క్రిప్టులు దొరుకుతాయి, ఒకటి నడిపితే సరిపోతుంది. ఇంకో సంగతి, క్యూటీ 6ను క్రాస్ కంపైల్ చెయ్యాలంటే అదే వెర్షన్ క్యూటీ ల్యాప్‌టాప్‌కు కూడా కట్టి ఉండాలి. ఈ రెండూ దాటితే తర్వాత సుఖమే. కోడ్ రాసుకునే క్యూటీ క్రియేటర్‌లో బోర్డు ఐపీ అడ్రస్, ఎస్ఎస్‌హెచ్ తాళం ఇస్తే చాలు, ఒక్క బటన్ నొక్కితే కంపైలై, బోర్డుకు వెళ్లి, అక్కడ మొదలవుతుంది. తెరను పక్కన పెట్టుకుని, రంగు మార్చి నొక్కి, అక్షరం పెంచి నొక్కి, అలా పని చేస్తుంటే టైమ్ తెలియదు.

డెస్క్‌టాప్ లేకుండా నేరుగా గీసే పద్ధతి పేరు ఈజీఎల్‌ఎఫ్‌ఎస్. డెస్క్‌టాప్ కిటికీలను గీసే ఎక్స్ సర్వర్ లేదు, వేలాండ్ లేదు, ఒక్క ప్రోగ్రామ్, ఒక్క తెర. గ్రాఫిక్స్ చిప్ పూర్తిగా మన చేతిలో ఉంటుంది కాబట్టి జాబితా వేలితో తోస్తే ఫోన్‌లో జరిగినంత మెత్తగా జరుగుతుంది. డెస్క్‌టాప్ నడుస్తుండగా మాత్రం ఇది తెరను పట్టుకోలేదు. ముందు దాన్ని ఆపాలి. ప్రోగ్రామ్‌ను నడిపే యూజర్ వీడియో, రెండర్, ఇన్‌పుట్ గ్రూపుల్లో ఉండాలి. ఇన్‌పుట్ మరిచిపోతే బొమ్మ వస్తుంది, టచ్ మాత్రం పనిచెయ్యదు, మీరు తెర పాడైందేమో అని కేబుల్ పీకి చూస్తారు.

రాస్ప్‌బెర్రీ పై 4లో నల్ల తెర గొడవ ఒకటి ఉంది, దాని గురించి కొంచెం నిదానంగా చెప్తాను. ఈ బోర్డులో గ్రాఫిక్స్‌కు రెండు పరికరాలు కనబడతాయి, కార్డ్ 0, కార్డ్ 1. ఒకటి త్రీడీ లెక్కలు చేసేది, ఇంకోటి నిజంగా తెరకు బొమ్మ పంపేది. ఈజీఎల్‌ఎఫ్‌ఎస్‌కు ఏది వాడాలో ఒక చిన్న జేసన్ ఫైల్‌లో రాసివ్వాలి. నేను కార్డ్ 1 అని రాసి, టేబుల్ మీద పది యూనిట్లు పెట్టి రాత్రంతా ఆన్ ఆఫ్ చేసే టెస్టు పెట్టాను. పొద్దున మా జూనియర్ కుర్రాడు ఫోన్ చేశాడు, "అక్కా, పదింట్లో మూడు నల్లగ ఉన్నయ్" అని. బూట్ అయినప్పుడల్లా ఆ రెండు నంబర్లూ ఒకే వరసలో రావాలని ఏమీ లేదు. ఏ డ్రైవర్ ముందు లేస్తే దానికి 0. నంబర్‌కు బదులు, ఆ పరికరం చిప్‌లో ఏ అడ్రస్ దగ్గర ఉందో చెప్పే స్థిరమైన దారి ఒకటి ‘బై-పాత్’ ఫోల్డర్‌లో ఉంటుంది. అది రాశాక మళ్లీ రాత్రంతా టెస్టు పెట్టాం. పొద్దున పదికి పదీ వెలిగి ఉన్నాయి. ఆ రాత్రి టెస్టు పెట్టకుండా పంపి ఉంటే ఊళ్ల నుంచి ఎన్ని ఫోన్లు వచ్చేవో తలుచుకుంటేనే టెన్షన్.

తెరను నిలువుగా పెట్టమని ఒక డెయిరీ అడిగింది. ఈజీఎల్‌ఎఫ్‌ఎస్‌లో తిప్పడానికి ఒక సెట్టింగ్ కనబడుతుంది కానీ అది పాతరకం విడ్జెట్ ప్రోగ్రామ్‌లకే పనిచేస్తుంది, క్యూఎమ్ఎల్ తెరలకు కాదు. డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగానే ఉంది, చదివితే గంటలు మిగులుతాయి. క్యూఎమ్ఎల్‌లో అన్నిటికంటే పైన ఉన్న ఐటమ్‌ను 90 డిగ్రీలు తిప్పేస్తే బొమ్మా తిరుగుతుంది, టచ్ కూడా దానితో పాటే సరిగ్గా వస్తుంది. ఒక్కటి మాత్రం తిరగదు: రెడీమేడ్ డైలాగ్ బాక్సులు. అవి మన ఐటమ్ లోపల కాకుండా కిటికీకి పైపొరలో గీయబడతాయి. అంతా నిలువుగా ఉండి ‘సరేనా?’ అని అడిగే పెట్టె మాత్రం అడ్డంగా పడుకుని వస్తుంది. చివరికి పెట్టెలు కూడా నేనే మామూలు దీర్ఘచతురస్రాలతో గీసుకున్నాను. ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై వాళ్లే 2024 నవంబర్‌లో తెచ్చిన టచ్ డిస్‌ప్లే 2 పుట్టుకతోనే నిలువు తెర, 720 × 1280. నిలువు కావాలనుకునేవాళ్లు తిప్పే తంటా లేకుండా దానితోనే మొదలెట్టండి. మా కేంద్రాల్లో ఉన్నవి 2015 నాటి పాత రకం, 800 × 480. అంకెలు పెద్దగా వేస్తాం కాబట్టి ఆ పిక్సెళ్లు చాలు.

అక్షరాల దగ్గర మళ్లీ ఆగుతాను, నాకు ప్రాణం ఉన్నది ఇక్కడే. ఖాళీ సిస్టమ్ మీద క్యూటీ ఎక్కిస్తే తెలుగు ఫాంటు ఏదీ ఉండదు, డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. ఫాంటును ప్రోగ్రామ్ లోపలే రిసోర్స్‌గా కలిపేసి, మొదలవగానే ఎక్కించండి. అప్పుడు సిస్టమ్‌లో ఏముందో లేదో చూసుకునే పనే లేదు. మేం మొదట నోటో సాన్స్ తెలుగు, తర్వాత సిలికానాంధ్ర వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలోని మండలి, రెండూ పెట్టి చూశాం. గది అవతలి నుంచి చూసినప్పుడు మండలి అక్షరం గుండ్రంగా, విడిగా తెలిసింది. పాలు పోసేవాళ్లు తెరకు ఆరేడు అడుగుల దూరంలో నిలబడతారు, అందుకే అది ఉంచాం.

క్యూటీ మామూలుగా అక్షరాన్ని గ్రాఫిక్స్ చిప్‌కు అనువుగా మార్చి గీస్తుంది. పెద్ద సైజులో బాగుంటుంది. కానీ చిన్న సైజులో, తక్కువ పిక్సెళ్ల తెర మీద తెలుగు ఒత్తుల అంచులు కాస్త మసకబారతాయి, ‘ప’కూ ‘వ’కూ తేడా చూడ్డానికి కళ్లు చికిలించాలి. రెండర్ టైప్‌ను నేటివ్ అని మారిస్తే అక్షరం చాకుతో కోసినట్టు తేటగా వస్తుంది. ఒక్క లైను మార్పు, పెద్ద తేడా. ఇంకొకటి: ఇంగ్లిష్ చూసుకుని డిజైన్ చేసిన పెట్టె ఎత్తులో తెలుగు పట్టదు. ‘లక్ష్మి’లో ఒత్తులు, ‘కృష్ణ’లో ఒత్తూ వట్రసుడీ వరస కిందికి దిగుతాయి, గుడులు పైకి పోతాయి. పెట్టె ఎత్తు గట్టిగా కట్టేస్తే కింద ఒత్తు సగానికి తెగి, ‘కృష్ణ’ కాస్తా ఇంకేదో అవుతుంది. ఎత్తును ఎప్పుడూ అక్షరాన్నే తేల్చుకోనివ్వండి. మా డిజైనర్‌తో ఈ విషయంలో రెండుసార్లు గట్టిగానే వాదించాను, ఇప్పుడు తనే ముందు ‘స్త్రీ’, ‘కృష్ణ’, ‘లక్ష్మి’ వేసి చూసి తర్వాత పెట్టె గీస్తుంది.

కరెంటు సంగతికి వస్తే, పాల కేంద్రంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సెక్రటరీలు కూడా షట్‌డౌన్ బటన్ నొక్కరు, గోడ మీద స్విచ్ తీసేస్తారు. వాళ్లది తప్పు కాదు, లైటు అలాగే ఆపుతారు, ఫ్యాన్ అలాగే ఆపుతారు, ఇదీ అంతే. అలా పీకేసినా బతికేలా చెయ్యడం మన బాధ్యత. సిస్టమ్ పార్టిషన్‌ను ఓవర్‌లేతో (మార్పులు కార్డు మీద రాయకుండా మెమరీలోనే ఉంచే పద్ధతి) చదవడానికి మాత్రమే అన్నట్టు పెట్టేశాం, రాస్ప్‌బెర్రీ పై సెటప్ మెనూలోనే ఆ సదుపాయం ఉంది. పాల లెక్కలు మాత్రం వేరే పార్టిషన్‌లో ఎస్‌క్యూలైట్‌లో ఉంటాయి, ప్రతి రాతా పూర్తిగా డిస్క్‌కు చేరాకే స్లిప్పు ప్రింట్ అవుతుంది. కొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదు. లెక్కలో ఎక్కకపోతే ఆ పూట పాలు పోసిన ఇంటికి డబ్బు రాదు.

మొదటి విడతలో ఒక సప్లయర్ దగ్గర చవకగా కొన్న ఎస్‌డీ కార్డులు ఆరు నెలలు తిరక్కుండానే ఒక్కొక్కటీ పోయాయి. అప్పటి నుంచి ఈఎమ్ఎమ్‌సీ మెమరీ బోర్డుకే అతికి ఉండే కంప్యూట్ మాడ్యూల్ 4కు మారిపోయాం. చిప్ అదే, ప్రోగ్రామ్‌లో అక్షరం కూడా మార్చలేదు. ఫీల్డులోకి పంపే సరుకు చేసేవాళ్లు మొదటి నుంచీ ఆ దారే పట్టండి. అడాప్టర్ విషయంలోనూ కక్కుర్తి పడొద్దు. వోల్టేజి తగ్గిందో లేదో బోర్డే గుర్తుపెట్టుకుంటుంది, ఒక కమాండ్‌తో అడిగితే చెప్తుంది. తెర నెమ్మదించిందని ఫిర్యాదు వచ్చిన ఒక కేంద్రంలో అలా అడిగితే కారణం అరనిమిషంలో దొరికింది: మా అడాప్టర్ ఎవరో ఫోన్ ఛార్జింగ్‌కు తీసుకెళ్లి, దాని చోట వేరేది పెట్టారు.

రాస్ప్‌బెర్రీ పై 4లో కరెంటు లేనప్పుడు నడిచే గడియారమే లేదు. ఇంటర్నెట్ లేని ఊళ్లో కరెంటు పోయి వస్తే పాత టైమ్ దగ్గరే ఉండిపోతుంది. పొద్దుటి పాల స్లిప్పు మీద నిన్న సాయంత్రం అని పడితే పదిహేను రోజుల బిల్లంతా గందరగోళం. డీఎస్ 3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ పెట్టాం, దానికో నాణెం బ్యాటరీ. పై 5లో గడియారం బోర్డులోనే ఇచ్చారు, బ్యాటరీ తగిలిస్తే చాలు.

స్విచ్ వేసిన దగ్గర్నుంచి పేర్ల తెర వచ్చేదాకా మొదట్లో 30 సెకన్లు దాటేది. నెట్‌వర్క్ కోసం ఎదురుచూసే సర్వీసును తీసేసి, ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టేది) సర్వీసుగా ముందుకు జరిపి, క్యూఎమ్ఎల్‌ను బిల్డ్ చేసేటప్పుడే కంపైల్ అయ్యేలా పెట్టి, అప్పటికప్పుడు అవసరం లేని తెరలను తర్వాత ఎక్కేలా చేస్తే 12 సెకన్లకు దిగింది. ప్రోగ్రామ్ ఏ కారణంతో ఆగిపోయినా సిస్టమ్‌డీ తనే మళ్లీ లేపుతుంది.

దీనికి బదులు క్రోమియం బ్రౌజర్‌ను ఫుల్ స్క్రీన్‌లో పెట్టి వెబ్ పేజీ చూపించొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చూపించొచ్చు. హార్ఫ్‌బజ్ అందులోనూ ఉంది, తెలుగు అంతే బాగా వస్తుంది. వెబ్ తెలిసిన కుర్రాళ్లు సులువుగా దొరుకుతారు కూడా. ఆఫీసు లాబీలో బోర్డు కోసమైతే నేనూ అదే చెప్తాను. కానీ మెమరీ ఎక్కువ తింటుంది, లేవడానికి ఎక్కువసేపు పడుతుంది, తూకం సీరియల్ పోర్టుతో మాట్లాడటానికి వెనకాల ఇంకో ప్రోగ్రామ్ ఎలాగూ రాయాలి. పొద్దున ఆరింటికి వరసలో ముప్పైమంది నిలబడ్డ చోట నేను ఆ దారి పట్టను. గ్రాఫిక్స్ చిప్ లేని చవక బోర్డు మీదైనా క్యూటీని లినక్స్ ఎఫ్‌బీ అనే పద్ధతి, సాఫ్ట్‌వేర్ రెండరింగ్ పెట్టి నడపొచ్చు. యానిమేషన్లు వదులుకోవాలి, అక్షరం మాత్రం చెడదు.

లైసెన్స్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి, చాలామంది దీన్ని చివరికి వదిలేసి ఇరుక్కుంటారు. క్యూటీలో ఎక్కువ భాగం ఎల్‌జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉచితమే. ఉచితం అంటే షరతులు లేవని కాదు. కొన్నవాళ్లు లైబ్రరీని మార్చి మళ్లీ ఎక్కించుకోగలిగేలా ఉండాలి (దాన్ని విడిగా ఉంచడం అందుకు సులువైన దారి), లైసెన్స్ పాఠం ఇవ్వాలి. బోర్డును తాళం వేసేసి అమ్ముతానంటే కుదరదు. పైగా ఛార్టులు, వర్చువల్ కీబోర్డు లాంటి కొన్ని మాడ్యూళ్లు ఎల్‌జీపీఎల్ కాదు, జీపీఎల్ లేదా డబ్బు కట్టే లైసెన్స్. జీపీఎల్ కింద అవి వాడితే మీ ప్రోగ్రామ్ కోడ్ కూడా ఇవ్వాల్సి వస్తుంది. కమర్షియల్ లైసెన్స్ తీసుకుంటే డెవలపర్‌కు ఇంత, అమ్మే ప్రతి పరికరానికి ఇంత అని ఉంటుంది. మాలాంటి చిన్న కంపెనీకి ఆ లెక్క బరువే. మేం ఎల్‌జీపీఎల్‌లోనే ఉండి, పరిమితులు పాటిస్తూ, ఛార్టులు మేమే గీసుకున్నాం. నాకు నిజంగా బాధ కలిగించింది కీబోర్డు. నేను చూసిన వెర్షన్‌లో హిందీ ఉంది, తెలుగు లేదు. కొత్త సభ్యుల పేరు సెక్రటరీ తెలుగులోనే కొట్టాలని నా పట్టుదల, అందుకే గుణింతాల వరసతో ఒక కీబోర్డు క్యూఎమ్ఎల్‌లో సొంతంగా రాశాను. క నొక్కితే కా కి కీ అన్నీ పైన వస్తాయి, ఒత్తుకు వేరే మీట. రెండు వారాల పని. అంత పని రెడీగా దొరికి ఉంటే ఎంతమందికి మేలయ్యేదో.

కాబట్టి ఈ పని నేర్చుకుంటున్న విద్యార్థి అయితే పై 4, పాత ఏడంగుళాల తెర, ప్యాకేజీల క్యూటీ, ఈ మూడూ చాలు, ఒక ఆదివారంలో తెలుగు తెర వెలుగుతుంది. అమ్మే సరుకు చేసేవాళ్లయితే కంప్యూట్ మాడ్యూల్, గడియారం, ఓవర్‌లే, మొదటి రోజునే లైసెన్స్ చదవడం. ఇంగ్లిష్ అంకెలు నాలుగు చూపిస్తే సరిపోయే మెషీన్‌కు ఇదంతా అక్కర్లేదు, చిన్న మైక్రోకంట్రోలర్ చాలు, డబ్బు మిగుల్తుంది.

పోయిన నెల సూర్యాపేట వైపు పని మీద వెళ్లి, ఆ మొదటి ఊళ్లో పొద్దున్నే ఆగాను. ఆ పెద్దావిడ వరసలో ఉంది. పాలు పోసింది, తెర మీద పేరు వచ్చింది. ఆవిడ పేరు వైపు చూడనే లేదు. నేరుగా కింద ఫ్యాట్ అంకె చూసి, "ఆరు పాయింటు రెండేనా? నిన్న ఆరున్నర వచ్చె గదా" అని సెక్రటరీతో వాదనకు దిగింది. ఆయన శాంపిల్ మళ్లీ పెట్టాడు.